గాలి లేని చోట ఎగరడం ఎలా?

ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేలల్లో మందు కొట్టడానికి ఇప్పుడు డ్రోన్లు దిగుతున్నాయి. పది లీటర్ల ట్యాంకు మోసుకుంటూ అది మొక్కల మీద రెండు మూడు మీటర్ల ఎత్తున పోతుంటే కింద ఆకులన్నీ వెన్ను చూపి ఊగిపోతాయి. అది ఎగరడం వెనకున్న సూత్రమంతా ఆ ఆకుల ఊగులోనే కనిపిస్తుంది. రెక్కలు గాలిని కిందికి తోస్తాయి, ఆ తోపుడుకు బదులుగా యంత్రం పైన నిలుస్తుంది. అదే డ్రోన్‌ను చంద్రుడి మీద పెట్టి స్విచ్ వేస్తే రెక్కలు ఇక్కడికంటే సులువుగా తిరుగుతాయి, అడ్డుకునే గాలి లేదు కనుక. యంత్రం మాత్రం నేల వదిలి వెంట్రుకవాసి కూడా లేవదు.

చంద్రయాన్-3 దిగిన నాటి నుంచి మన బడుల్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. అంగారకుడి మీద హెలికాప్టర్ ఎగిరింది కదా, చంద్రుడి మీద ఎందుకు ఎగరదు? మంచి ప్రశ్న. ఆ అంగారక హెలికాప్టర్ ఇన్‌జెన్యుటీకి చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన బాబ్ బలరామ్ చదువుకున్నది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో. రాయలసీమ గడ్డ మీద చదివిన మనిషి పూనుకున్న ఆ యంత్రం బరువు 1.8 కిలోలు. 2021 ఏప్రిల్ 19న మొదటిసారి లేచింది, 2024 జనవరి వరకు 72 సార్లు ఎగిరింది. అంగారకుడి గాలి మన గాలిలో నూరో వంతు సాంద్రత మాత్రమే ఉంటుంది. అందుకే 1.2 మీటర్ల రెక్కలు నిమిషానికి 2,400 సార్ల దాకా తిరగాల్సి వచ్చింది. నూరో వంతు గాలితోనే అంత తంటా. చంద్రుడి మీద ఉన్నది మన గాలిలో లక్ష కోట్లో వంతు కూడా కాదు. ఎంత పెద్ద రెక్క కట్టినా, ఎంత వేగంగా తిప్పినా తోయడానికి అక్కడ ఏమీ లేదు.

కాబట్టి చంద్రుడి మీద ఎగరాలంటే రాకెట్ ఒక్కటే దారి. కిందికి తోయవలసిన పదార్థాన్ని వాహనం తనతోనే మోసుకెళ్లాలి. ఒకసారి తోసింది తిరిగి రాదు. చంద్ర వాహనాలను రూపొందించే వాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో సగం ఈ ఒక్క మాట నుంచే పుట్టాయి. మిగతా సగం అక్కడి నేల నుంచి వచ్చాయి. ఆ నేల సంగతే మనం తక్కువ మాట్లాడుకుంటాం. నా దృష్టిలో అదే పెద్ద సమస్య.

ఇంతవరకు అక్కడ నిజంగా ఏం జరిగిందో ముందు చూద్దాం. దిగిన చోటి నుంచి మళ్లీ లేచిన మొదటి యంత్రం అమెరికా వాళ్ల సర్వేయర్-6. 1967 నవంబర్ 17న దాని చిన్న ఇంజన్లను రెండున్నర సెకన్లు వెలిగించారు. మూడు మీటర్లకు పైగా లేచి, సుమారు రెండున్నర మీటర్ల అవతల దిగింది. పాత కాళ్ల గుర్తులను కొత్త చోటి నుంచి ఫొటో తీసి, ఆ మట్టి ఎంత మెత్తనో, ఇంజన్ మంట దాన్ని ఏం చేసిందో చూశారు. ఆ తరవాత అపోలో వ్యోమనౌకలు మనుషులను దించాయి, ఎక్కించుకొచ్చాయి. అపోలో-11లో ఆర్మ్‌స్ట్రాంగ్ బండరాళ్ల గుంటను తప్పించడానికి నౌకను అడ్డంగా నడిపించి, ఇంధనం అడుగంటుతుండగా దింపాడు. చంద్రుడి మీద మనిషి వాహనం నడిపి ఎగిరిన ఘట్టాలేవైనా ఉన్నాయంటే అపోలో యాత్రల్లోని అలాంటి కొద్ది నిమిషాలే.

మన వంతు 2023లో వచ్చింది. జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. దేశమంతా ఆ సాయంత్రాన్ని గుర్తు పెట్టుకుంది. పదకొండు రోజుల తరవాత, సెప్టెంబర్ 3న జరిగినదాన్ని అంతగా పట్టించుకోలేదు. ప్రయోగాలన్నీ పూర్తయ్యాక, ట్యాంకులో మిగిలిన ఇంధనంతో ఇస్రో విక్రమ్ ల్యాండర్ ఇంజన్లను మళ్లీ వెలిగించింది. అంతకు ముందు రోవర్ దిగిన ర్యాంపును, నేలలోకి గుచ్చిన ఉష్ణోగ్రత పరికరాన్ని, ప్రకంపనలు కొలిచే పరికరాన్ని మడిచి లోపలికి తీసుకున్నారు. విక్రమ్ 40 సెంటీమీటర్ల దాకా లేచింది, 30-40 సెంటీమీటర్ల పక్కన నిలకడగా దిగింది. తరవాత పరికరాలన్నీ మళ్లీ తెరుచుకుని పనిచేశాయి.

ముప్పై నలభై సెంటీమీటర్లంటే మనిషి ఒక అడుగు వేసేంత దూరం కూడా లేదు. కానీ ఆ గెంతు ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పిందో చూడండి. పగటి ఎండలో పదకొండు రోజులు నిలబడిన ఇంజన్ మళ్లీ వెలుగుతుందా? దుమ్ము పడిన కవాటాలు తెరుచుకుంటాయా? ఒకసారి దెబ్బ తిన్న కాళ్లు రెండోసారి బరువు ఆపుతాయా? ఎగిరే వాహనం ఏదైనా రోజూ దాటాల్సిన పరీక్షలు ఇవే. మొదటి దిగుడు ఒక ఘనకార్యం. మళ్లీ లేవగలగడంతోనే అది వాహనం అవుతుంది. ఆ రోజు విక్రమ్ కొద్ది సెకన్ల పాటు వాహనం అయింది.

అసలు ఎగరవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ యాత్రలోనే ఉంది. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నడిచింది. ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గుంట అడ్డం వచ్చింది. వెనక్కి తిప్పి వేరే దారి పట్టించారు. పది రోజుల్లో అది నడిచింది నూరు మీటర్ల పైచిలుకు. ప్రజ్ఞాన్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. అది చేయాల్సిన పని చేసింది. నాలుగు మీటర్ల గుంటే చక్రాలకు అడ్డమైతే, నిట్టనిలువు గోడల బిలాల్లోకి చక్రాలతో వెళ్లడం ఎలా అన్నదే అసలు సంగతి.

శాస్త్రజ్ఞులకు కావలసినవి ఎక్కువగా అలాంటి చోట్లలోనే ఉన్నాయి. 2008లో వెళ్లిన మన చంద్రయాన్-1 మీది నాసా పరికరం చంద్రుడి నేలలో నీటి జాడలు పట్టింది. ఆ మరుసటి ఏడాది నాసా కేబియస్ బిలంలోకి రాకెట్ భాగాన్ని పడేసి, లేచిన ధూళిలో నీటి ఆవిరి చూసింది. ధ్రువాల దగ్గర ఎన్నడూ ఎండ సోకని గుంటలున్నాయి. కొన్నిచోట్ల ఉష్ణోగ్రత సున్నాకు 240 డిగ్రీల దిగువన ఉంటుంది. మంచు ఉంటే అక్కడే ఉండాలి. ఇక చంద్రుడి మీద నేల కుంగి ఏర్పడిన నిలువు బావులున్నాయి. ప్రశాంత సాగరం అని పేరు పెట్టిన మైదానంలోని ఒక బావి లోతు సుమారు వంద మీటర్లు. వాటి అడుగున లావా పారి వదిలేసిన సొరంగాలు ఉన్నాయని రాడార్ ఆధారాలు చెబుతున్నాయి. మన నంద్యాల జిల్లాలోనే ఉన్న బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. అవి సున్నపురాయిని నీళ్లు కరిగించగా ఏర్పడినవి, అక్కడివి లావా తవ్వినవి. పుట్టుక వేరైనా, చీకట్లో, దారి తెలియక, బయటి సంకేతం ఏదీ అందని చోట యంత్రాన్ని నడపడం అన్న చిక్కు రెండుచోట్లా ఒక్కటే.

ఇక లెక్కలకు వద్దాం. చంద్రుడి ఆకర్షణ మనదాంట్లో ఆరో వంతు. అంటే పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1.62 మీటర్ల చొప్పున పెరుగుతుంది. వినగానే పని సులువనిపిస్తుంది. హెలికాప్టర్‌లా ఒకచోట నిలబడాలంటే మాత్రం ఒక్కో సెకనుకు ఆ 1.62ను ఇంజనే ఎదుర్కోవాలి. మంచి ద్రవ ఇంధన ఇంజన్ నుంచి వాయువు సెకనుకు 2,900 మీటర్ల వేగంతో బయటకు వస్తుందనుకుంటే, పది నిమిషాలు పైన నిలబడ్డ వాహనం తన మొత్తం బరువులో 28 శాతం మండించేస్తుంది. ఆ పది నిమిషాల్లో సెకనుకు 20 మీటర్ల చొప్పున పోతే దాటేది 12 కిలోమీటర్లు.

అదే 12 కిలోమీటర్లు ఒకే గెంతులో పోతే? లేచేటప్పుడు ఒకసారి ఇంజన్ వెలిగించి వేగం అందుకుని, ఆపేసి, వంపు దారిలో పోయి, దిగేముందు మళ్లీ వెలిగించి ఆగితే 9 శాతం ఇంధనంతో పని అయిపోతుంది. మధ్యలో గాలి అడ్డం లేదు కనుక వేగం తరగదు. చంద్రుడి మీద పొదుపైన ప్రయాణం ఎగరడం కాదు, గెంతడం. ఈ రంగంలో కాస్త లోతుగా చూసిన వాళ్లంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తారు.

గెంతులో ఒక విచిత్రముంది. కిలోమీటరు గెంతాలంటే సెకనుకు 40 మీటర్ల వేగం కావాలి. నలభై ఐదు డిగ్రీల కోణంలో లేస్తే 250 మీటర్ల ఎత్తుకు పోయి, 35 సెకన్లలో దిగుతుంది. లేవడానికి 40, ఆగడానికి మళ్లీ 40. మొత్తం బరువులో మూడు శాతం లోపు ఇంధనం చాలు. పది కిలోమీటర్ల గెంతుకు కావలసింది సెకనుకు 127 మీటర్లు, ఎనిమిది శాతం. దూరం పదింతలైనా ఖర్చు మూడింతలే. అంటే పది కిలోమీటర్లను పది చిన్న గెంతుల్లో దాటితే, ఒకే పెద్ద గెంతుకయ్యే ఇంధనానికి మూడింతలు అవుతుంది. పొదుపు కావాలంటే పెద్ద గెంతే వేయాలి. కానీ పెద్ద గెంతులో వాహనం రెండున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి, ముందెన్నడూ దగ్గరగా చూడని చోటికి, గంటకు 450 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. దిగేచోట బండ ఉందో గుంట ఉందో తేల్చుకోవడానికి ఆఖరి ముప్పై సెకన్లు పైన నిలబడితే పొదుపు చేసిన ఇంధనంలో కొంత అక్కడే పోతుంది. చిన్న గెంతుల్లో ముందు చోటును కళ్లారా చూసి దిగవచ్చు, ఇంధనం మాత్రం కరిగిపోతుంది. ఇంధనానికీ భద్రతకూ మధ్య ఈ బేరం ప్రతి నమూనాలోనూ ఉంటుంది. ఇంకా చిన్న యంత్రాల్లో సంక్లిష్టత తగ్గించడానికి ఒత్తిడిలో నింపిన నైట్రోజన్ వాయువును వదిలి నడిపితే ఖర్చు నాలుగింతలు. కిలోమీటరుకే బరువులో పదకొండు శాతం పోతుంది.

రెండో చిక్కు నడపడంలో ఉంది. ఆకర్షణ తగ్గితే బరువు తగ్గుతుంది కానీ ద్రవ్యరాశి తగ్గదు. కదులుతున్న దాన్ని ఆపడానికి ఇక్కడ ఎంత బలం కావాలో అక్కడా అంతే. రాకెట్ మీద నిలబడిన వాహనం పక్కకు పోవాలన్నా, ఆగాలన్నా ఒంగాలి. భూమి మీద పది డిగ్రీలు ఒంగితే వచ్చే పక్క త్వరణం చంద్రుడి మీద రావాలంటే 47 డిగ్రీలు ఒంగాల్సిందే. అంత ఒంగినప్పుడు మామూలుగా కిందికి చూసే కెమెరా, ఎత్తు కొలిచే లేజర్ ఎటో చూస్తాయి. అటూ ఇటూ ఒంగే కదలికలకు ట్యాంకులోని ఇంధనం ఊగి బరువు కేంద్రం జరుగుతుంది. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ వాహనం తేలికవుతుంది కనుక ఇంజన్ తోపుడును కూడా ఎప్పటికప్పుడు తగ్గించుకుంటూ పోవాలి. విక్రమ్‌లోని నాలుగు 800 న్యూటన్ల ఇంజన్లు అలా పెంచి తగ్గించగలవే. చంద్రయాన్-2లో ఐదుండేవి. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున ఆ ల్యాండర్ కూలిన తరవాత రూపమే మార్చారు.

అపోలో రోజుల్లో ఈ తేడా అలవాటు చేసుకోవడానికే ఒక విచిత్ర యంత్రం కట్టారు. జెట్ ఇంజన్ ఒకటి దాని బరువులో ఆరింట ఐదు వంతులు మోస్తుంది, మిగిలిన వంతును చిన్న రాకెట్లతో నడిపేవాడే మోయాలి. వ్యోమగాములు భూమి మీదే చంద్రుడి మీద ఎగిరే అనుభవం పొందేవారు. అలాంటివి ఐదు కడితే మూడు కూలాయి. 1968 మే 6న ఆర్మ్‌స్ట్రాంగ్ కూలబోతున్న యంత్రం నుంచి ఆఖరి క్షణంలో పారాచూట్‌తో బయటపడ్డాడు. చంద్రుడి మీద పారాచూట్ కూడా లేదు. అక్కడ 250 మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆగితే ఆరో వంతు ఆకర్షణలోనూ గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతారు. రెక్కలతో జారుకుంటూ దిగే అవకాశం లేదు.

మనిషి నిలబడి నడిపే చిన్న ఎగిరే బండ్ల ఆలోచన 1960ల్లోనే గట్టిగా సాగింది. బెల్, నార్త్ అమెరికన్ రాక్‌వెల్ సంస్థలు నాసా కోసం నమూనాలు గీశాయి. అపోలో నౌక దిగాక దాని ట్యాంకుల్లో మిగిలే ఇంధనంతోనే వాటిని నడపాలని ఉపాయం. తెలివైన ఆలోచనే. కానీ 1969 అక్టోబర్‌లో నాసా బోయింగ్‌కు చక్రాల బండి కాంట్రాక్టు ఇచ్చింది. 210 కిలోల ఆ రోవర్ తన బరువుకు రెండింతలు మోసేది. అపోలో-17లో మొత్తం సుమారు 36 కిలోమీటర్లు తిరిగింది. పాడైతే నడిచి రాగలిగినంత దూరమే పోవాలన్న నియమం పెట్టుకున్నారు. ఎగిరే బండి పాడైతే నడిచి రావడం అన్న మాటే ఉండదు. అప్పటి నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఈ యాభై ఏళ్లలో లెక్క మార్చే కొత్త విషయం మనుషుల వైపు నుంచి రాలేదు, యంత్రాల వైపు నుంచి వచ్చింది. తనంతట తాను చూసి, తేల్చుకుని దిగే కంప్యూటర్లు అప్పుడు లేవు, ఇప్పుడున్నాయి.

నేల సంగతి ముందే అన్నాను. ఆళ్లగడ్డ శిల్పశాలల ముందు నుంచి నడిచే వాళ్లకు రాతి దుమ్ము కొత్త కాదు. భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న మన శిల్పులు విగ్రహం చెక్కేటప్పుడు ఉలితో కొట్టినా, మిషన్ పెట్టి కోసినా, లేచిన తెల్లటి పొడి పక్క చెట్ల ఆకుల మీద, వాళ్ల కనుబొమల మీద పేరుకుంటుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాల మీదికొస్తుంది. చంద్రుడి మీదంతా ఆ అప్పుడే పగిలిన రాతి పొడే. ఇంకా చెప్పాలంటే అంతకంటే పదునైనది. ఇక్కడ పొడిని గాలి దొర్లిస్తుంది, వాన కడుగుతుంది, అంచులు అరుగుతాయి. అక్కడ కోట్ల ఏళ్లుగా ఉల్కలు రాళ్లను పొడి చేస్తూ, కరిగించి గాజుగా అతికిస్తూ వచ్చాయి. అరగదీసేది ఏదీ లేదు. ఎండలోని కిరణాలకు ఆ పొడి విద్యుదావేశం పట్టి దుస్తులకు, అద్దాలకు, కీళ్లకు అంటుకుంటుంది. అపోలో వ్యోమగాముల గ్లవ్స్ అరిగాయి, సీళ్లు కారాయి, హారిసన్ ష్మిట్‌కు ఆ ధూళితో ముక్కు దిబ్బడేసింది.

ఆ పొడి మీదికి రాకెట్ మంట కొడితే ఏమవుతుందో లెక్క తేల్చింది మన హైదరాబాద్ వాళ్లే. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రజ్ఞులు విక్రమ్ దిగక ముందు, దిగిన తరవాత చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసిన ఫొటోలను పోల్చి చూశారు. దిగేటప్పుడు 2.06 టన్నుల పొడి లేచి, 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిపోయిందని చెప్పారు. ల్యాండర్ బరువు కంటే ఎక్కువ మట్టి! భూమి మీద దుమ్ము లేస్తే గాలి ఆపుతుంది, మేఘంలా తేలి కింద పడుతుంది. అక్కడ ఆపేది లేదు. ప్రతి రేణువూ విడుదలైన వేగంతోనే పోతుంది. సన్నటి రేణువులు సెకనుకు కిలోమీటరు వేగాన్ని కూడా అందుకోగలవు. 1969 నవంబర్‌లో అపోలో-12 దిగిన చోటికి 160 మీటర్ల దూరంలో రెండున్నరేళ్ల కిందటి సర్వేయర్-3 ఉంది. వ్యోమగాములు దాని భాగాలు విప్పి తెచ్చి చూస్తే, వాటి మీద ఆ పొడి కొట్టిన గుర్తులు ఉన్నాయి.

ఒక్కసారి దిగే ల్యాండర్‌కు ఇది ఒక్కసారి వచ్చే కష్టం. రోజూ లేచి దిగే వాహనానికి ప్రతిసారీ వస్తుంది. తన కెమెరా అద్దాలకు, సోలార్ పలకలకు, కాళ్ల కీళ్లకే కాదు, పక్కన ఎవరున్నా వాళ్ల వస్తువులకూ ముప్పే. రేపు దక్షిణ ధ్రువం దగ్గర రెండు దేశాల స్థావరాలు పక్కపక్కన లేస్తే, ఎవరి వాహనం ఎక్కడి దాకా రావచ్చో అంతర్జాతీయంగా తేల్చుకోక తప్పదు. ఇంజన్లను కాస్త ఎత్తున, పక్కకు వంచి పెట్టడం, ఆఖరి మీటరులో ఆపేసి జారవిడవడం, రాళ్లు పరిచిన దిగుడు స్థలాలు కట్టడం, ఇలా ఉపాయాలు చాలా ఉన్నాయి. ఏదీ పూర్తిగా తేలలేదు.

దారి కనుక్కోవడం ఇంకొక తంటా. చంద్రుడికి దిక్సూచిని నడిపే అయస్కాంత క్షేత్రం లేదు. జీపీఎస్ లాంటి ఉపగ్రహాల సంకేతాలను అక్కడి నేల మీద అందుకోవడం 2025 మార్చిలో బ్లూ గోస్ట్ ల్యాండర్ మీది పరికరంతో మొదటిసారి సాధ్యమైంది. అయితే దాని మీద ఆధారపడి గెంతు దించేంత కచ్చితత్వం ఇంకా రాలేదు. ఇక్కడి నుంచి మాట పంపితే చేరడానికి సెకను పైన పడుతుంది, జవాబుకు మళ్లీ అంతే. దిగేటప్పుడు వాహనం తనంతట తానే చూసుకోవాలి. ఇస్రో ల్యాండర్ కళ్ల పరీక్షకు అనంతపురం పక్కనున్న చిత్రదుర్గ జిల్లా చెళ్లకెరె దగ్గర చంద్రుడి బిలాల్లాంటి గుంటలు తవ్వించింది. విమానాలు, హెలికాప్టర్ల మీద నుంచి ల్యాండర్ సెన్సర్లను అక్కడ పరీక్షించారు. చంద్రయాన్-3కు టవర్ క్రేన్‌కు ల్యాండర్ నమూనాను వేలాడదీసి ఇంజన్లు వెలిగించి మరీ చూశారు. ఆ శ్రమ ఫలితమే ఆ ఆగస్టు సాయంత్రం.

శ్రమ తక్కువైతే ఏమవుతుందో కాదు, శ్రమ పడ్డా ఏమవుతుందో 2025 మార్చి 6న తెలిసింది. ఇంట్యూటివ్ మెషీన్స్ అనే అమెరికన్ సంస్థ ఎథీనా ల్యాండర్‌లో గ్రేస్ అనే గెంతే యంత్రాన్ని దక్షిణ ధ్రువానికి పంపింది. పెద్దవుతూ పోయే గెంతులు వేసి, ఎండ సోకని గుంటలోకి దూకి, అక్కడి నేలను కొలిచి బయటకు రావాలి. మనిషి చేసిన యంత్రం ఆ చీకట్లోకి వెళ్లి, పనిచేసి, తిరిగి రావడం అదే మొదటిసారి అయ్యేది. ఎత్తు కొలిచే లేజర్ సరిగా పనిచేయక, ఏటవాలు ఎండలో పొడవాటి నీడలు కెమెరాలను తికమక పెట్టి, ఎథీనా పక్కకు ఒరిగి దిగింది. గ్రేస్ దాని కడుపులోంచి బయటకు రాలేదు. గెంతే యంత్రానికి లోపమేమీ లేదు. దాన్ని మోసుకెళ్లిన నౌకే నిలబడలేదు. అంతకు ఏడాది ముందు, 2024 జనవరిలో జపాన్ స్లిమ్ ల్యాండర్ వదిలిన రెండు కిలోల చిన్న రోవర్ మాత్రం స్ప్రింగ్ లాంటి ఏర్పాటుతో నేలను తన్ని గెంతింది. ఇంధనమే లేని గెంతు అది. దూరం తక్కువ, కానీ ఉన్న చోటు నుంచి కదిలింది. చైనా తన చాంగె-7తో ఇలాంటి గెంతే యంత్రాన్ని ధ్రువ ప్రాంత గుంటల్లోకి పంపే పనిలో ఉంది.

చలి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పద్నాలుగు రోజుల రాత్రి వస్తే మామూలు బ్యాటరీ చచ్చిపోతుంది, ఇంధనం గడ్డకడుతుంది. 2023 సెప్టెంబర్ 22న ఎండ తిరిగి వచ్చాక విక్రమ్‌ను, ప్రజ్ఞాన్‌ను లేపాలని చూశారు, లేవలేదు. రాత్రి దాటలేని వాహనం ఎంత బాగా గెంతినా పక్షం రోజుల ముచ్చటే. చీకటి గుంటలోకి దూకే యంత్రానికైతే పగలు కూడా రాత్రే. వేడి నిలుపుకుంటూ, నిమిషాల లెక్కన పని ముగించుకుని, మళ్లీ ఎండలోకి గెంతాలి.

అన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. వచ్చే ఇరవై ఏళ్లలో చంద్రుడి మీద ఎగిరేవి చిన్న గెంతే యంత్రాలే. పది కిలోల నుంచి వంద కిలోల లోపు ఉండి, బిలాల్లోకి, బావుల్లోకి చూపు పంపే పనికి అవి సరిపోతాయి. మనిషిని మోసే ఎగిరే బండి రావాలంటే ముందు అక్కడే ఇంధనం తయారుకావాలి. మంచు నుంచి హైడ్రోజన్, ఆక్సిజన్ తీయాలి. లేదా అక్కడి మట్టిలో బరువులో నలభై శాతానికి పైగా బంధించి ఉన్న ఆక్సిజన్‌నైనా విడదీయాలి. అది జరగనంత వరకు ప్రతి కిలో ఇంధనాన్నీ భూమి నుంచి మోసుకెళ్లి మండించడం ఏ దేశానికీ గిట్టుబాటు కాదు. ఆ మంచు ఎక్కడ ఎంత ఉందో చెప్పవలసింది మళ్లీ ఈ చిన్న యంత్రాలే.

దీంట్లో మనకు చోటుందా అంటే, ఉంది. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం పూనుకుంది. కర్నూలు జిల్లాలో డీఆర్‌డీఓ పరీక్షల ప్రాంగణం పనిచేస్తోంది. హైదరాబాద్ స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. అంతకు ముందే చిన్న ద్రవ ఇంధన ఇంజన్‌ను కూడా వెలిగించి చూసింది. కర్నూలులో ఐఐఐటీడీఎం ఉంది, నంద్యాలలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. డ్రోన్ అంటే మందు కొట్టే యంత్రం, ఫొటో తీసే యంత్రం అన్న చోటే మన ఆలోచన ఆగిపోయింది. జీపీఎస్ ఆపేసి బెలుం గుహల్లో సందర్శకులు పోని దారుల్లో డ్రోన్‌ను నడిపి దారి కనుక్కోమనే పోటీ పెట్టవచ్చు, గుహలకు హాని లేకుండా జాగ్రత్త పడుతూనే. మన శిల్పశాలల రాతి పొడిని జల్లెడ పట్టి, దాని మీద చిన్న వాయు తోపుడు పెట్టి ఏ కోణంలో ఎంత లేస్తుందో కొలవవచ్చు. డిగ్రీ విద్యార్థులు చేయగల ప్రయోగమే అది. ఖర్చు వేలల్లోనే, కోట్లలో కాదు.

2024 సెప్టెంబర్‌లో కేంద్రం చంద్రయాన్-4కు ఆమోదం ఇచ్చింది. మట్టి తీసుకుని చంద్రుడి మీద నుంచి లేచి రావడం దాని పని. ఆ తరవాత జపాన్‌తో కలిసి చేసే యాత్రలో 250 కిలోల రోవర్ దిగనుంది. 2040 నాటికి భారతీయుడు చంద్రుడి మీద కాలు పెట్టాలని లక్ష్యం. ఈ వరసలో గెంతే యంత్రం పేరు ఇంతవరకు వినపడలేదు. 40 సెంటీమీటర్లు లేచి చూపించిన దేశం అక్కడితో ఆగకూడదు. రాబోయే యాత్రల్లో ఒకదానిలో ఇరవై కిలోల గెంతే యంత్రానికి ఇస్రో చోటివ్వాలి, దాని నమూనా కోసం కాలేజీలకు బహిరంగంగా పిలుపునివ్వాలి. ఆ పిలుపు వచ్చేలోగా మన నంద్యాల, కర్నూలు కాలేజీల పిల్లలు రెక్కల డ్రోన్ దగ్గరే ఆగిపోకుండా, రెక్కలు లేని వాహనానికి లెక్కలు వేయడం ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలని అడుగుతున్నాను.